పిల్లితో మాట్లాడే వారం

పాలు పొంగి, ఇగిరి, మాడి, గిన్నె అడుగు బొగ్గయ్యేదాకా నేను ఆ పొయ్యికి మూరెడు దూరంలోనే ఉన్నాను. బల్ల మీద బఠాణీలు ఒలుచుకుంటూ, నాలో నేనే ఏదో లొడలొడ వాగుతూ. వీపు పొయ్యి వైపుంది, ఒప్పుకుంటాను. కానీ వీపు తిప్పితే ముక్కు కూడా తిరుగుతుందా?

కోడలు పెరట్లోంచి తడి చేతులతో పరిగెత్తుకొచ్చింది.

“అత్తయ్యా! వీధి మలుపుదాకా కొడుతోంది వాసన! పక్కనే ఉండి ఏం చేస్తున్నారండీ?”

“ఏదో పరధ్యానంలో ఉన్నానే. గిన్నెడు పాలకి ఊరంతా దండోరా వెయ్యకు.”

అది కిటికీలు తెరిచి, గిన్నె తీసుకెళ్లి నీళ్లలో ముంచింది. చుయ్యిమంది. పొగ తగిలి నా కళ్ళల్లో నీళ్లొచ్చాయి. కళ్లకి తెలిసింది, ముక్కుకి తెలియలేదు. 

అంతకు వారం ముందు ఐదు రోజులు జ్వరం పడి లేచాను. తిన్నదంతా చప్పగా ఉంటే, జ్వరం పడ్డ నోరు అలాగే ఉంటుందిలే అనుకున్నాను. ఆ రోజు మాత్రం స్నానాల గదిలోకి వెళ్లి గడియ పెట్టుకుని ఒక్కొక్కటీ ముక్కు దగ్గర పెట్టుకున్నాను. సబ్బు. తలనూనె. కిరసనాయిలు సీసా. ఆఖరికి మా అబ్బాయి విప్పి పడేసిన చొక్కా. వాడు సరుకుల బండి నడుపుతాడు. వేసవిలో వాడి చొక్కా దగ్గరికి ఈగలు కూడా ఆలోచించుకుని వస్తాయి. నాకది ఉతికి ఆరేసిన చొక్కాలాగే ఉంది. గోడని వాసన చూసినట్టుంది.

ఇంకొకరికైతే ఇదేమంత పెద్ద సంగతి కాదు. మురుగు కాలవ పక్కన హాయిగా నడవొచ్చు. కానీ నేను ముప్ఫై ఏళ్లుగా తేనె రుచి చూసి మార్కులు వేసే మనిషిని. మా తేనెటీగల పెంపకందార్ల సంఘం ఏటా వేసవిలో పోటీ పెడుతుంది. మొదటి బహుమతి వచ్చినవాళ్ల తేనె ఏడాది పొడుగునా పెద్దాసుపత్రికి వెళ్తుంది. రోగులకి మందు కలిపిచ్చేది ఆ తేనెలోనే. ముగ్గురు కూర్చుని రుచి చూస్తారు. మిగతా ఇద్దరూ చదువుకున్నవాళ్లో, వ్యాపారం తెలిసినవాళ్లో. నేను నాలుగో తరగతి కూడా దాటనిదాన్ని. నన్ను కూర్చోబెట్టింది నా ముక్కుని చూసి. మూత తీయగానే, ఇది పొగ ఎక్కువ పట్టించి తీసిన తేనె, ఇది పచ్చిగా ఉండగానే పిండింది, ఇందులో పంచదార పాకం కలిసింది అని చెప్పేసేదాన్ని. నాకొక పేరు కూడా పెట్టారు, ముక్కమ్మ అని. ముందు ఎగతాళికే పెట్టారు, తర్వాత గౌరవమైపోయింది.

తేనె సీసా తీసి ఒక చెంచా నోట్లో వేసుకున్నాను. తియ్యగా ఉంది, అంతే. ఆ తీపి వెనకాల ఎప్పుడూ ఒక తోటో, అడవో, ఎండో వానో నిలబడి ఉండేది. ఇప్పుడు ఎవరూ లేరు. తలుపు తీస్తే ఖాళీ ఇల్లు.

మందుల షాపులో అడిగాను.

“మా పక్కింటావిడకి జ్వరం తర్వాత వాసన తెలియడం లేదట నాయనా. మళ్ళీ వస్తుందా?”

“కొంతమందికి నెలలో వస్తుంది, కొంతమందికి ఏడాది పడుతుంది. అసలు రానివాళ్లూ ఉన్నారు,” అన్నాడతను. “మీ పక్కింటావిడ్నే ఒకసారి రమ్మనండి మామ్మగారూ, ఇలా తన ముక్కు మీ మొహానికి తగిలించి పంపిస్తే నేనేం చెప్పగలను?”

నవ్వేసి వచ్చేశాను.  పోటీకి ఇంకా మూడు వారాలుంది. వస్తుంది, ఈలోగా వస్తుంది అనుకున్నాను. పొద్దున్న లేవగానే దిండుని వాసన చూడటం, రాలేదనుకోవడం, రేపొస్తుందనుకోవడం. ఇరవై ఒక్క పొద్దులు అలా గడిచాయి.

సంఘం వాళ్లకి ముందే చెప్పేస్తే సరిపోయేది. నోట్లో నువ్వుగింజ నానదని పేరుపడ్డ మనిషిని, ఆ ఒక్క గింజ ఎలా దాచానో నాకే ఆశ్చర్యం. భయం ఉంటే ఏదైనా దాగుతుంది కాబోలు. ఆ కుర్చీ పోతే నేనెవర్ని? బఠాణీలు ఒలుచుకునే ముసలమ్మని. పాలు మాడ్చే ముసలమ్మని.

ఇక్కడ మా ఇంటి సంగతొకటి చెప్పాలి. మా కోడలు ఆ సంఘం ఆఫీసులోనే పని చేస్తుంది. పోటీ సీసాలకి నంబర్లు అంటించేది అదే. అందరూ సంఘం ఇచ్చిన ఒకే రకం సీసాల్లో తేనె నింపి, మూతకి మైనంతో సీలు వేసి తెస్తారు. కోడలు ఒక్కర్తే గదిలో కూర్చుని నంబరు కాగితాలు అంటించి, ఏ నంబరు ఎవరిదో ఒక పుస్తకంలో రాసి, బీరువాలో పెట్టి తాళం వేస్తుంది. తాళంచెవి మెళ్లో దారానికి కట్టుకుంటుంది. సీలు విప్పేది మాత్రం మేం ముగ్గురం, రుచి చూసే రోజున.

మరి నంబర్లు తెలిసిన మనిషీ, మార్కులు వేసే మనిషీ ఒకే ఇంట్లో ఉంటే ఎలా అని నాలుగేళ్ల కిందట గొడవైంది. సంఘంలో పాత రూలొకటి ఉంది. నంబర్లు అంటించిన సోమవారం నుంచి ఫలితాలు చదివే ఆదివారం దాకా ఆ ఇద్దరూ ఒకరితో ఒకరు ఒక్క మాట మాట్లాడకూడదు, చీటీ రాయకూడదు, సైగ చేయకూడదు. ఒక్క మాట దొర్లినా మార్కులు రద్దు, ఉద్యోగమూ రద్దు. “ఇంట్లో ఎవరు చూడొచ్చారు?” అని ఒకాయన అడిగాడు. “మా మీద మేమే కాపలా,” అన్నాను నేను. వెనకాల కూర్చున్న ఒకావిడ, “అత్తాకోడళ్లు మాట్లాడుకోకుండా ఉండటానికి మళ్ళీ రూలెందుకండీ!” అంది. హాలంతా గొల్లుమంది.

కానీ ఏ ఏడూ ఆ వారం మేం మాట తప్పలేదు. మా ఇంట్లో ఒక ముసలి పిల్లి ఉంది. ఏదైనా కావాలంటే దానితో చెప్పుకునేవాళ్లం. “పిల్లీ, వేడినీళ్లు కాగాయని ఎవరికైనా చెప్పు.” “పిల్లీ, కూరలో ఉప్పు సముద్రమంత ఉందని వండినవాళ్లకి చెప్పు.” అంతకు మించి ఏమీ ఉండేది కాదు. మా అబ్బాయికైతే ఏడాదిలో అదే బంగారం లాంటి వారం. “ఇంకో రెండు వారాలు పెంచమని అర్జీ పెట్టనా?” అనేవాడు.

ఆ ఏడాది సోమవారం పొద్దున కోడలు నా ముందుకొచ్చి నిలబడింది.

“అత్తయ్యా, ఇంకో గంటలో వెళ్లి నంబర్లు అంటిస్తాను. చెప్పాల్సిందేదైనా ఉంటే ఇప్పుడే చెప్పేయండి. తర్వాత ఏడు రోజులు నోటికి తాళం.”

మామూలుగా ఏటా అడిగే మాటే.  అది నా మొహంలోకి చూస్తోంది. చెప్పెయ్, చెప్పెయ్ అంటోంది లోపల మనిషి.

“ఏముంది చెప్పడానికి, గొడుగు తీసుకెళ్లు, ఎండ మండిపోతోంది,” అన్నాను.

అదే నేను దానితో అన్న ఆఖరి మాట ఆ వారానికి.

*

గురువారం రుచి చూశాం. పొడుగాటి బల్ల మీద తెల్లగుడ్డ, గుడ్డ మీద పదకొండు సీసాలు, ముందు లేతరంగువి, చివర ముదురువి. ఒక్కొక్కరికీ గాజు పుల్లలు, గోరువెచ్చటి నీళ్లు, నోరు కడుక్కోవడానికి యాపిల్ ముక్కలు. నా కుడివైపు లెక్చరరుగారు. కాలేజీలో రసాయనాలు చెప్పి రిటైరయ్యాడు, మెత్తటి మనిషి. ఎడమవైపు బేకరీ ఆయన. ఆయనకి ముక్కుపొడి అలవాటు. ఆయన ముక్కుకి రైలింజను వచ్చి గుద్దుకున్నా తెలియదని మేమే నవ్వేవాళ్లం. రంగూ చిక్కదనమూ ఆయన చూస్తాడు, వాసనకి నేనున్నాను కదా అని సంఘం ధీమా.

మొదటి సీసా సీలు విప్పాను. వంగి ముక్కు పెట్టాను. ఏమీ లేదు. 

లెక్చరరుగారి కనుబొమ్మలు చూశాను. ఆయనకి నచ్చితే ఎడమ కనుబొమ్మ లేస్తుంది. నచ్చకపోతే పెదవి తడుపుకుంటాడు. ముప్ఫై ఏళ్లలో ఎప్పుడూ పక్కవాళ్ల మొహం చూడనిదాన్ని, ఆ రోజు బడిలో పక్క పలక చూసి రాసే పిల్లలా ఆయన మొహంలోకి దొంగచూపులు చూస్తూ కూర్చున్నాను. కనుబొమ్మ లేస్తే ఇరవైకి పదహారు. పెదవి తడిపితే పది. పుల్ల ఎత్తి తీగ ఎంత పొడుగు సాగుతోందో, వెలుతురులో ఎంత తేటగా ఉందో కళ్లతో చూసి, దానికి ఒకటో రెండో కలిపాను. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగుతుందంటారు. నేను కళ్లు తెరుచుకునే తాగాను.

ఆరు సీసాలు అలా దాటాయి.

ఏడో సీసా చాలా అందంగా ఉంది. దానిలోంచి చూస్తే కిటికీ చువ్వలు లెక్కపెట్టొచ్చు. పుల్ల ఎత్తితే తీగ జానెడు సాగి తెగకుండా చుట్టలు చుట్టుకుంది. బేకరీ ఆయన “అబ్బ!” అన్నాడు. నేను లెక్చరరుగారి వైపు చూశాను. కనుబొమ్మ లేవలేదు. పెదవీ తడుపుకోలేదు. ఇంకోసారి వాసన చూశాడు. మళ్ళీ చూశాడు. నా వైపు తిరిగాడు.

“అమ్మా, ఇందులో ఏదో... మీకేమైనా తెలుస్తోందా?”

ఆ హాల్లో ఫ్యాను తిరుగుతున్న చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. ఏదో ఉంది. అది మంచిదో చెడ్డదో నాకు తెలియదు. తెలియదని చెప్తే ఎందుకు తెలియదంటారు. నేను సీసా మీదికి వంగి, చాలాసేపు పీల్చినట్టు పీల్చాను.

“అడవి పూల వాసన,” అన్నాను. “ఎక్కడో లోపల్నుంచి తెచ్చుంటాయి ఈగలు. ఈ మధ్య ఇలాంటిది దొరకడం లేదు.”

 లెక్చరరుగారు తలూపాడు.

“మీరన్నాక ఇంక నేనెవర్ని,” అని పద్దెనిమిది వేశాడు. నేనూ పద్దెనిమిది వేశాను. బేకరీ ఆయన పంతొమ్మిది.

పుల్ల నా చేతిగుడ్డతో తుడిచాను. మామూలుగా తుడిచి ఊరుకుంటాను. ఆ రోజు తొందరలో ఒక పెద్ద చుక్క గుడ్డ మీద పడింది. మడిచి సంచిలో పడేశాను. తర్వాత నాలుగు సీసాలు ఎలా చూశానో నాకే తెలియదు.

*

మర్నాడు మధ్యాహ్నం కోడలు బట్టలు నానబెడుతోంది. నేను గడప మీద కూర్చున్నాను. ఒక్కొక్క గుడ్డా దులిపి నీళ్లలో వేస్తున్నదల్లా నా చేతిగుడ్డ దగ్గర ఆగింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. మొహం చిట్లించింది. మళ్ళీ పెట్టుకుంది. లేచి ఇంట్లోకి వెళ్లి, బట్టల బీరువా తీసి లోపల వెతికి, మూసి వచ్చింది. ఆ గుడ్డని నీళ్లలో వేయలేదు.

నా దగ్గరకొచ్చి గుడ్డని నా ముక్కుకి దగ్గరగా పట్టుకుంది.

నేను పీల్చాను. బాగుందన్నట్టు చిరునవ్వు నవ్వాను, తేనె కదా.

దాని మొహంలో రంగు మారిపోయింది. గుడ్డ వెనక్కి తీసుకుని నన్ను అలాగే చూసింది. నేను చూపు తిప్పేసుకున్నాను.

భోజనాల దగ్గర మా అబ్బాయి బండి కబుర్లేవో చెప్తున్నాడు. కోడలు నా ముందు ఒక గ్లాసు పెట్టింది. నీళ్లు. నేను ఎత్తి పెదాల దాకా తెచ్చుకున్నాను. ఇంతలో దాని చెయ్యి వచ్చి నా మణికట్టు పట్టుకుంది. గట్టిగా. గాజు మీద ఉంగరం తగిలి టక్కుమంది. అది ఆ గ్లాసు నా చేతిలోంచి తీసుకుని, వేరే గ్లాసు పెట్టి, మొదటిది తీసుకెళ్లి తొట్లో ఒంపేసింది.

“అబ్బ, ఏంటీ ఘాటు!” అన్నాడు మా అబ్బాయి ముక్కు మూసుకుని. “వెనిగర్ గానీ ఒలికిందా?”

 కోడలు తొట్టి దగ్గరే అటు తిరిగి నిలబడింది. నేను నా పళ్ళెంలోకి చూస్తూ తిన్నాను. ఏం తిన్నానో నాకు తెలియదు. ఆ రోజుల్లో ఎలాగూ తెలిసేది కాదు.

*

శనివారం ఇల్లంతా బావిలా అయిపోయింది. కోడలు నాకు ఎదురుపడితే చూపు నేలకేసి వెళ్లిపోతోంది. నేను కుక్కిన పేనులా గదిలో కూర్చున్నాను. గేటు చప్పుడైతే చాలు, సెక్రటరీ వచ్చాడేమో అని కిటికీలోంచి తొంగి చూసేదాన్ని. ఇది వెళ్లి చెప్పేస్తుందా? చెప్పదు. నేను చెప్పాలని చూస్తోందా? రూలు ఉంది కదా. నాతో ఒక్క మాటంటే దాని ఉద్యోగం పోతుంది. నేను దానితో ఒక్క మాటంటే నా మార్కులు పోతాయి. నా మార్కులు పోవడమే మంచిదని నాకు తెలుసు. తెలిసీ కూర్చున్నాను.  

సాయంత్రం అది వరండాలో కూర్చుని పిల్లికి పాలు పోసింది. నేను తలుపు ఇవతల ఉన్నానని దానికి తెలుసు.

“పిల్లీ,” అంది. గొంతు బొంగురుగా ఉంది, ఏడ్చిన గొంతు. “ఆ గుడ్డకి కలరా ఉండల వాసన వస్తోందే. మన బీరువాలో కలరా ఉండలు లేవు. ఏ సీసాదో నాకు తెలీదు. ఎవరు ఎంత వేశారో నాకు తెలీదు. కానీ అది ఆసుపత్రికి వెళ్తుందటే. మందులో కలిపి రోగుల నోట్లో పోస్తారటే.”

పిల్లి పాలు తాగుతోంది.

“నాకు నంబరు తెలిస్తే మనిషి తెలుస్తాడు. నంబరు తెలిసినవాళ్లు వేరే ఉన్నారు. వాళ్లు నాతో మాట్లాడకూడదు, నేను వాళ్లతో మాట్లాడకూడదు. నేనిప్పుడు నీతోనే మాట్లాడుతున్నాను, గుర్తుపెట్టుకో.”

నేను తలుపుకి ఆనుకుని నిలబడిపోయాను. అడవి పూల వాసన అన్నాను నేను. బట్టల్లో పురుగు చావడానికి వేసుకునే ఉండల్ని అడవి పూలన్నాను. లెక్చరరుగారి ముక్కు సరిగ్గా చెప్తుంటే, దాని నోరు నేను మూయించాను. సగం నిజం నా దగ్గరుంది, ఏడో నంబరని. సగం కోడలి పుస్తకంలో ఉంది. మధ్యలో ఒక తలుపు, ఒక పిల్లి.

తలుపు తీసి చెప్పెయ్యాలనుకున్నాను. గడియ మీద చెయ్యి వేశాను కూడా. నేను నోరు విప్పితే, విన్నందుకు దాని ఉద్యోగానికి కూడా ముప్పు. ఆ సాకు నాకు ఎంత తియ్యగా దొరికిందో! అది సాకేనని నాకు తెలుసు. గడియ మీంచి చెయ్యి తీసేశాను.

*

ఆదివారం పొద్దున హాలు నిండిపోయింది. అందరూ ఉతికిన బట్టల్లో వచ్చారు. వేదిక మీద సెక్రటరీ, బల్ల మీద మా మార్కుల కవరు. ఒక పక్కన కోడలు, మెళ్లో తాళంచెవి. మొహం పాలిపోయి ఉంది. సెక్రటరీ కవరు అంచు చింపబోతున్నాడు.

నేను లేచి నిలబడ్డాను. లేస్తానని నాకే తెలియదు. కుర్చీ వెనక్కి పడింది, ఆ చప్పుడుకి అందరూ తిరిగారు.

“ఆగు నాయనా,” అన్నాను. “అది చించకు. నా మార్కులు దొంగ మార్కులు.”

సెక్రటరీ నవ్వాడు, నేనేదో హాస్యమాడుతున్నాననుకుని. “ఏంటి ముక్కమ్మగారూ, పొద్దున్నే...”

“ముక్కులేని ముక్కమ్మని నేను. జ్వరం వచ్చి తగ్గిన దగ్గర్నుంచి నాకు వాసన లేదు. నెల దాటింది. గురువారం నేను వేసిన మార్కులన్నీ ఈ లెక్చరరుగారి కనుబొమ్మలు చూసి వేశాను. ఏడో సీసాలో ఏదో ఉందని ఆయనన్నాడు. నేను అబద్ధమాడి ఆయన నోరు మూయించాను. అది మళ్ళీ తెరిచి చూడండి. ఆ ముక్కుపొడి ఆయనకి కాదు, వాసన తెలిసినవాళ్లకివ్వండి.”

 లెక్చరరుగారు లేచాడు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

“నాకు వచ్చింది,” అన్నాడు మెల్లిగా. “కలరా ఉండల వాసన. నాకు వచ్చిందమ్మా. మీరన్నారని... తప్పు నాది కూడా.”

సీసా తెచ్చారు. మూత తీసి ముందు వరసలో ఐదారుగురికి చూపించారు. ఒకావిడ వెంటనే మొహం పక్కకి తిప్పుకుంది. ఏడో నంబరు కొట్టేశారు. ముగ్గురు కొత్తవాళ్లని కూర్చోబెట్టి మిగతావి మళ్ళీ చూడమన్నారు.

అంతటితో అయిపోయిందనుకున్నాను. కానీ వెనకాల వరసలోంచి ఒకాయన లేచాడు. పోయినేడు, అంతకు ముందేడు ఓడిపోయిన మనిషి.

“మామ్మగారూ, ఒక్క మాట. పోయినేడు నా సీసాకి తొమ్మిదేశారు. అప్పుడు ముక్కు ఉందా?”

“ఉంది నాయనా.”

“ఉందని మాకెలా తెలుస్తుంది?”

  ముప్ఫై ఏళ్ల మార్కులు ఒక్క గురువారంతో మసకబారిపోయాయి. నిండా మునిగినవాళ్లకి చలి ఉండదంటారు, ఎవరన్నారో గానీ వాళ్లెప్పుడూ మునగలేదు.

బయటికొచ్చి మెట్ల మీద నిలబడితే కోడలు వెనకే వచ్చి చెయ్యి పట్టుకుంది. రూలు అయిపోయింది కదా, ఇంక మాట్లాడొచ్చు.

“ఎప్పట్నుంచి?”

“పాలు మాడిన రోజు నుంచి.”

“సోమవారం పొద్దున అడిగాను కదా అత్తయ్యా. ప్రత్యేకంగా అడిగాను.”

“గొడుగు తీసుకెళ్లమన్నాను కదే,” అన్నాను. నవ్వబోయి ఏడ్చాను. అది తిట్టలేదు. తిడితే బాగుండేది.

“ఏడో నంబరు ఎవరిదే?” అని అడిగాను కాసేపయ్యాక.

“పెట్టెల మేస్త్రిది. ఇవాళ రాలేదు. పుస్తకం సెక్రటరీకిచ్చేశాను, పేరు చదివేస్తారు.”

 ఈ చుట్టుపక్కల తేనెపెట్టెలన్నీ చేసేది ఆ వడ్రంగే. తలుపంత మనిషి, చేతులు సుత్తుల్లా ఉంటాయి. ఎవరికీ అన్యాయం చేశాడని వినలేదు.

*

ఆ సాయంత్రమే వచ్చాడు. మా అబ్బాయి బండి మీద వెళ్లాడు, ఇంట్లో మేమిద్దరమే. గేటు తీసుకుని లోపలికొచ్చి, మెట్ల కింద నిలబడ్డాడు. పిడికిళ్లు బిగించి ఉన్నాయి. నేను వరండాలో గోడకి ఆనుకుపోయాను.

“నా తేనెలో విషం కలిపానని హాలంతా చాటించారంట,” అన్నాడు. గొంతు పెద్దదేం కాదు, అందుకే ఇంకా భయమేసింది. “పదేళ్లుగా ఈగలు పెంచుతున్నాను. చుక్క పాకం కలపలేదు. నేను కలపడం ఎవరు చూశారు?”

“ఎవరూ అలా అనలేదు మేస్త్రీ,” అంది కోడలు. లోపలికి వెళ్లి మూత బిగించిన గాజు సీసా ఒకటి తెచ్చింది. అందులో నా చేతిగుడ్డ ఉంది. ఉతకలేదు, దాచింది. మూత తీసి గుడ్డ అతని చేతికిచ్చింది. “మీరే చూడండి.”

అతను గుడ్డని రెండు చేతులతో పట్టుకుని మొహానికి ఆనించుకుని గట్టిగా పీల్చాడు. మళ్ళీ పీల్చాడు. మా ఇద్దరి వైపు అయోమయంగా చూశాడు.

“మంచి వాసనే కదమ్మా. పూల వాసన.”

కోడలూ నేనూ ఒకరి మొహాలొకరం చూసుకున్నాం.

“మేస్త్రీ,” అంది కోడలు నెమ్మదిగా, “ఖాళీ తేనెపట్లు దాచిన గదిలో కలరా ఉండలు వేస్తారా?”

“వేస్తాం. లేకపోతే పురుగు తినేస్తుంది. ఎప్పట్నుంచో వేస్తున్నా. నేను పని చేసేదీ, పడుకునేదీ ఆ గదిలోనే. ఏం వాసనా రాదే అక్కడ?”

అన్నాక ఆగిపోయాడు. పిడికిలి విడిపోయింది. చొక్కా చెయ్యి ఎత్తి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు, పీల్చాడు, దించాడు. రెండో చెయ్యి కూడా చూసుకున్నాడు.

“నా దగ్గర కూడా వస్తోందా?” అని అడిగాడు కోడల్ని.

“గేటు తీసినప్పుడే వచ్చింది,” అంది అది.

అంత మనిషీ మెట్టు మీద కూలబడిపోయాడు. 

“మా ఇంట్లో రోజూ పొద్దున్నే ఆ తేనే చెంచాడు నోట్లో వేసుకుంటాం. మా ఆవిడా, నేనూ. మా ఆవిడ కూడా ఎప్పుడూ ఏమీ అనలేదు.” గుడ్డ మడిచి ఒళ్లో పెట్టుకున్నాడు. “మరి మనకెవరు చెప్తారమ్మా?”

నన్ను చూసి ‘మనకి’ అన్నాడు. నేను వెళ్లి అతని పక్కన మెట్టు మీద కూర్చున్నాను.  నేను చెప్పాల్సిన రోజున చెప్పి ఉంటే, ఈ మనిషి హాలంతా వినేలా కాకుండా ఏ మూలనో మెల్లిగా విని ఉండేవాడు.

కోడలు రెండు గ్లాసులతో నీళ్లు తెచ్చి చెరొకటి ఇచ్చింది. మేస్త్రి గ్లాసు నోటి దాకా ఎత్తి ఆగిపోయాడు. దాన్ని మెల్లిగా కోడలి వైపు చాపాడు.

“ఒకసారి చూడమ్మా,” అన్నాడు.

అది వంగి వాసన చూసింది. “నీళ్లే. తాగండి,” అంది.

నేను కూడా నా గ్లాసు చాపాను.